రెండు గదుల మధ్య గోడ

పిల్లల వార్డులో ఎదుటి మంచం పొద్దున్నే ఖాళీ అయింది. దుప్పటి కూడా మార్చేశారు. ఆ బాబు ఇంటికి వెళ్లాడో, ఇంకెక్కడికి వెళ్లాడో అడగడానికి తాపీమేస్త్రికి నోరు రాలేదు.

కిటికీ పక్క పొట్టి మంచం వాళ్లది. దాని మీద అతని కూతురు కూర్చుని కాళ్లూపుతోంది. ఓ అంచున అతను. కింద చాప మీద అతని తల్లి. ఆపరేషన్ ఇంకాసేపట్లో.

"నాన్నా, భయమా?"

"లేదు."

"మరి చేతులు చంకల్లో పెట్టుకున్నావేం?"

"చలి."

"ఫ్యానే తిరగట్లేదు కదా!"

మేస్త్రి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పక్క మంచం మీద ఒకామె చంటిబిడ్డకి చెంచాతో పాలు పోస్తోంది. బిడ్డకి పై పెదవి రెండుగా చీలి ఉంది.

"గుండేనా అన్నా?" అందామె.

"ఆఁ. కన్నం."

"పుట్టుకతోనా?"

"పుట్టుకతోనేనట."

"ఇన్నాళ్లూ కనిపెట్టలేదా మరి?"

"మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఒళ్లు వంగదనుకున్నారు."

కింద ముసలమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "తిట్టానమ్మా. పనిదొంగవని చీపురు తిరగేసి కొట్టాను కూడా. మొన్న కళ్లు తిరిగి పడేదాకా తెలియలేదు."

"ఊరుకో పెద్దమ్మా. మా అత్త నా మొహం చూడటమే మానేసింది. ఇలాంటి బిడ్డని లోకంలో నేనొక్కదాన్నే కన్నట్టు! ఇక్కడికొచ్చి చూస్తే ఇంతమంది."

మందుల బండి తోసుకొస్తున్న నర్సు ఆ మాట విని ఆగింది. "ఈ వార్డులో సగం మంచాలు పుట్టుకతో వచ్చినవే. పెదవి, పాదం, వెన్ను, గుండె... ఎక్కడో ఒకరికి వస్తుందనుకుంటారు, మా దగ్గరికొస్తే గానీ తెలీదు. ఈ గుండె కన్నాలు పూడ్చే చెయ్యి మా పెద్ద డాక్టరుగారిదే. అందుకే ఏ వయసువాళ్లైనా ఈ వార్డుకి రావల్సిందే."

పూడ్చడం మేస్త్రికి తెలిసిన పనే. గుండెలో రెండు గదుల మధ్య గోడకి కన్నం ఉందని డాక్టరు చెప్పాడు. అతను ఎన్ని గోడలకి కన్నాలు పూడ్చలేదు! కానీ ఆ గోడలు కదలవు. ఇది కదిలే గోడ. ఆపి పూడుస్తారట. ఆపింది మళ్లీ కదలకపోతే?

గొంతు పిడచకట్టుకుపోయింది. నీళ్ల సీసా వైపు చూసి తల తిప్పుకున్నాడు.

"నువ్వు ఏడవకూడదు," అన్నాడు కూతురితో.

"నేనెందుకు ఏడుస్తా? నువ్వే ఏడుస్తావు."

"గట్టి పిల్లే!" అంది పక్క మంచం ఆమె. "మత్తిస్తే ఏమీ తెలియదమ్మా. నిద్రపోయి లేచినట్టే."

"తెలుసు. డాక్టరుగారు చెప్పారు," అంది పాప.

తలుపు దగ్గర చక్రాల చప్పుడైంది. ముసలమ్మ చాప మీంచి లేచి నిలబడింది. మేస్త్రి కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. సిమెంటు తిన్న వేళ్లతో దాని మొహమంతా తడిమాడు. కళ్లు, ముక్కు, చెవులు. మరచిపోతానేమోనన్నట్టు మళ్లీ కళ్లు.

పాప దవడ ఆడుతోంది. పక్క మంచం ఆమె అది చూసి ఒక్క కేక పెట్టింది.

"అయ్యయ్యో, బిస్కెట్ తింటోంది! మత్తుకి ముందు తింటే ప్రాణం మీదికొస్తుంది! సిస్టర్! సిస్టర్!"

"తిననివ్వమ్మా," అంది నర్సు, స్ట్రెచర్ మంచానికి ఆనిస్తూ.

పాప మంచం దిగి చెప్పులేసుకుంది. మేస్త్రి తన చొక్కా విప్పి కూతురి చేతికిచ్చి, పాదాలు బయటికి వేలాడుతుండగా ఆ పిల్లల స్ట్రెచర్ మీద పడుకున్నాడు.