రెండు మంచి మాటలు

“లే. లేచి నిలబడు చూద్దాం,” అన్నాడు తనిఖీకొచ్చిన అధికారి, గుమ్మం దాటీ దాటకముందే.

మంచం మీదున్న హమాలీ లేవడానికి మోచెయ్యి ఆనించాడు. అంతే, నడుం దగ్గర కలుక్కుమంది. పళ్ళు బిగబట్టి మళ్ళీ వెల్లకిలా పడ్డాడు.

“బాగానే నటిస్తున్నావే!”

“నటన కాదు సార్. గోడౌన్లో బస్తాల వరస జారి నడుం మీద పడింది. డాక్టరుగారు కూడా రాసిచ్చారు,” అంది హమాలీ భార్య, తడిచేతులు తుడుచుకుంటూ.

“డాక్టర్లదేముంది, ఏదడిగితే అది రాస్తారు. ఆఫీసులో చెల్లేది నేను రాసింది.”

అది మాత్రం నిజం. నడుం బాగయ్యేదాకా నెలనెలా సగం జీతం ఇంటికి రావాలన్నా, అది ఆగిపోయి గోడౌన్‌కి వెళ్ళి బస్తా ఎత్తాలన్నా అంతా ఈయనగారి చేతిలోనే ఉంది. ఇప్పుడు బరువెత్తితే మళ్ళీ జన్మలో లేవవని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. అందుకే మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చే కోపాన్ని మింగి ఊరుకున్నారు.

అధికారి తీగ మీద ఆరేసిన చంటిపిల్ల గౌను లాగి, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీనీ దానితో తుడిచి, గౌనుని కింద పడేశాడు. పోనీ కూర్చున్నాడా అంటే అదీ లేదు. గదంతా కెలకడం మొదలుపెట్టాడు. హమాలీ బూట్లు తిరగేసి, అడుగున తడిమట్టి ఉందేమోనని గోటితో గీరాడు. టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూశాడు. చివరికి మంచం కింద బెడ్‌పాన్ కూడా వదల్లేదు. దాని మూత ఎత్తి చూసి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, “ఛీ, ఏం మనుషులయ్యా మీరు!” అన్నాడు. మూత ఎత్తింది ఆయన, ఛీ అనిపించుకుంది వీళ్ళు.

“ఎక్కడ దాచావు?”

“ఏంటి సార్?”

“కొక్కెం. బస్తాలు లాగే కొక్కెం. ఇక్కడ జబ్బని జీతం తీసుకుంటూ, చాటుగా ఇంకోచోట మూటలు మోసే ఘనుల్ని ఎంతమందిని చూడలేదు! అదిగో, బీరువా వెనక పిడి కనిపిస్తోంది.”

“అది విరిగిపోయిన గొడుగు సార్. బీరువాని ముట్టుకోకండి, దానికి ఓ కాలు లేదు, ఇటుక పెట్టాం,” అంది ఆమె కంగారుగా.

“ముట్టుకోవద్దంటున్నావంటే అక్కడే ఉందన్నమాట!”

రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఇటుక జారింది. ఇనప బీరువా, లోపలి సామానంతటితో సహా, ఆయన మీదికే ఒరిగింది.

“అమ్మో!”

గోడౌన్లో ఓ పద్ధతి ఉంది. వరస ఒరిగి ఎవరైనా కేక పెడితే దగ్గరున్నవాడు భుజం ఇవ్వాలి. ఎవరికి, ఎందుకు అని ఆగి చూడకూడదు. ఏళ్ళ తరబడి ఆ పద్ధతికి అలవాటుపడ్డ ఒళ్ళు. మంచం మీంచి ఎలా లేచాడో, బీరువా కింద భుజం ఎలా పెట్టాడో హమాలీకే తెలీదు. అధికారి పాక్కుంటూ బయటికొచ్చాడు. ఆమె కూడా ఓ చెయ్యి వేశాక బీరువా మళ్ళీ గోడకి చేరింది. హమాలీ మాత్రం అక్కడే నేల మీద కుప్పకూలాడు. మూలగడానికి కూడా ఊపిరాడటం లేదు.

అధికారి హమాలీ పక్కనే చతికిలబడ్డాడు. “తమ్ముడూ! నా ప్రాణం నిలబెట్టావు. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు నాకు,” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “చెల్లెమ్మా, కాసిని మంచినీళ్ళియ్యమ్మా.”

ఇందాకటి ఛీ ఏమైందో మరి! ప్రాణం మీదికొస్తే వరసలు ఇలా పుట్టుకొస్తాయి. కానీ ఆమెకి అసహ్యించుకునే తీరికెక్కడిది? ఆమెకి ఆశ పుట్టింది.

“అన్నయ్యగారూ, ముందు ఈయన్ని మంచమెక్కించాలి, ఓ చెయ్యి వెయ్యరూ?”

“అయ్యో, నాకసలే నడుం నొప్పమ్మా. బరువులెత్తొద్దన్నాడు డాక్టరు.”

“పోన్లెండి. మా ఆయన గురించి రెండు మంచి మాటలు రాయండి, అది చాలు.”

“రాయకపోతే నేను మనిషినేనా!” అంటూ కుర్చీలో కూర్చుని కాగితాలు తీశాడు. “చెప్పు తల్లీ. బాగా బరువేనా ఈ బీరువా?”

ఎంత ఎక్కువ చెబితే అంత మేలనుకుంది పిచ్చిది. “అడక్కండి. ఇల్లు మారినప్పుడు నలుగురు కలిసి తెచ్చారు, వాళ్ళకే చెమటలు పట్టాయి.”

“తమ్ముడు ఒక్కడే ఆపాడు కదూ?”

“మీరే చూశారుగా! నేను చెయ్యి వేసింది ఆఖర్న. మా ఆయన భుజం పెట్టారంటే కొండైనా ఆగాల్సిందే. గోడౌన్లో ఎవర్నడిగినా చెబుతారు.”

నేల మీంచి హమాలీ, “ఒసేయ్...” అన్నాడు.

“మీరూరుకోండి. పొగిడితే సిగ్గండీ ఈయనకి.”

అధికారి అంతా రాసుకున్నాడు. సంతకం పెట్టి, ముద్ర వేసి, చొక్కాకంటిన దుమ్ము దులుపుకుని, నేల మీదున్న మనిషి కాళ్ళ మీంచి దాటుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

“నువ్వు చెప్పినవన్నీ పొల్లుపోకుండా రాశాను చెల్లెమ్మా. నలుగురు మోసే బీరువాని ఒంటిభుజంతో ఆపినవాడికి బస్తా ఓ లెక్కా? రేపు పొద్దున్నే పనికి పంపించెయ్!”