ఎనిమిదింటి ఓడ

నెల రోజులుగా సుభాషిణికి ఆ ఓడ తప్ప మరో ధ్యాస లేదు.

ఆమె భర్త సత్యనారాయణ దోహాలో ప్రపంచకప్ స్టేడియం కట్టే కంపెనీలో ఇంజనీరు. మూడేళ్ళకి ఇప్పుడు, ఈ బక్రీద్‌కి, వారం రోజుల సెలవు దొరికింది.

దోహా నుంచి ఏథెన్స్‌కి విమానం. అక్కడి రేవు నుంచి నక్సోస్ అనే గ్రీసు దీవికి ఓడ. తిరుగు ప్రయాణం శనివారం పొద్దున ఎనిమిదింటి ఓడలో, అదే రోజు సాయంత్రం నాలుగింటి విమానంలో.

దొరక్క దొరికిన సెలవులో ఒక్క పూట కూడా వృథా కాకూడదని ఆమె పట్టుదల.

ఆదివారం ఉదయం ఏడింటికి స్టేడియంలో తనిఖీ. ఆ సమయానికి లేకపోతే ఇక రానక్కర్లేదని మేనేజర్ ముందే చెప్పాడు.

దోహాలో అల్ ముంతజా పేటలోని ఇంటి నుంచి విమానాశ్రయానికి కంపెనీ కారులో బయలుదేరారు. సుభాషిణి ఈ ఏర్పాటంతా చెల్లెలికి ఫోన్లో వినిపిస్తోంది.

కారు నడుపుతున్న దస్తగిరి గొంతు సవరించుకున్నాడు. కడప జిల్లా మనిషి, యాభై దాటాయి. కూతురి నర్సింగ్ చదువు అయ్యేదాకా ఈ ఉద్యోగం నిలిస్తే చాలని ఒకటి రెండుసార్లు చెప్పుకున్నాడు గానీ, డ్రైవర్ గోడు ఎవరికి కావాలి?

"ఒక మాట చెప్పనా సార్? ఆ దీవులకాడ ఈ నెలలో గాలి లేస్తాది. లేచిందంటే రెండు మూడు దినాలు ఓడలు కదలనీరు. శుక్రవారమే ఏథెన్స్ ఒడ్డుకొచ్చి ఆడ పండుకోండి సార్."

సుభాషిణి ఫోన్ పెట్టేసింది. బయలుదేరే వేళ ఆ అపశకునపు మాటలేమిటని ముఖం చిట్లించింది.

"కాకినాడ సముద్రం పక్కన పుట్టినదాన్ని నేను. చెరువు నిండితే పండగ చేసుకునే ఊరివాడివి, నువ్వా నాకు ఓడల గురించి చెప్పేది?"

సత్యనారాయణ పకపకా నవ్వాడు.

దస్తగిరి ఇంకేదో చెప్పబోయి మానుకున్నాడు. సామాను దించి, శనివారం వచ్చి తీసుకెళ్తానని మాత్రం అన్నాడు.

దీవిలో నాలుగు రోజులు హాయిగా గడిచాయి.

శుక్రవారం సాయంత్రం గాలి లేచింది.

శనివారం ఎనిమిదింటికి రేవులో ఓడ లేదు. గాలి తగ్గేదాకా ఏ ఓడా కదలదని టికెట్ల గదికి కాగితం అంటించారు.

పెట్టెల మీద కూలబడ్డ సుభాషిణికి తన ఏర్పాటులో తప్పేమీ కనబడలేదు.

"వాడి నాలుక మీద మచ్చ ఉండే ఉంటుంది. అన్నాడు, అయింది" అంది.

సత్యనారాయణకి కూడా ఆ మాటే నచ్చింది. తప్పు తనది కాకుండా పోయే మాట ఎవరికి నచ్చదు?

మేనేజర్‌కి ఫోన్ చేసి నిజం చెప్పే ధైర్యం చాలలేదు. ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్‌కి మాత్రం, ఆ డ్రైవర్ మాట తీరు బాగాలేదని, వెంటనే మార్చాలని మెసేజ్ పెట్టాడు. ఆ పైన ఫోన్ కట్టేశాడు.

గాలి సోమవారానికి గానీ తగ్గలేదు. వాళ్ళు మంగళవారం దోహాలో దిగారు. కొత్త డ్రైవర్ వచ్చాడు. తన మాట చెల్లినందుకు సుభాషిణి తృప్తిపడింది.

సత్యనారాయణ గుండె దిటవు చేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు.

మేనేజర్ ఫరీదుద్దీన్ కూర్చోమన్నాడు. హైదరాబాద్ పాతబస్తీలో పుట్టి పెరిగినవాడు, కోపం వస్తే గోడలు అదిరేవి. ఆ రోజు ఆ గొంతులో కోపం లేదు.

"తనిఖీ మంచిగ అయింది. నీ బదులు తిరుమల్‌ని నిలబెట్టిన. నువ్వు ముందుగాల్నే కాగితం రాసిచ్చుడు మంచిదైంది."

సత్యనారాయణకి ఏమీ అర్థం కాలేదు.

మేనేజరే చెప్పుకొచ్చాడు. శనివారం విమానంలో దిగినవాళ్ళందరూ బయటికొచ్చేదాకా దస్తగిరి విమానాశ్రయంలోనే ఉన్నాడట. అక్కణ్ణుంచి నేరుగా ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని మేనేజర్ ఇంటికి వెళ్ళాడట. ఓడలు ఆగిపోతే ఆదివారం తన బదులు మరొకరిని పెట్టమని సార్ వెళ్ళేముందే మేనేజర్‌కి ఇమ్మని కాగితం రాసిచ్చారని, దాన్ని తానే ఎక్కడో పారేసుకున్నానని చెప్పి తలవంచుకు నిలబడ్డాడట.

సత్యనారాయణ ఏ కాగితమూ రాయలేదు.

"వార్నింగ్‌తోని ఇడిచిపెడ్దామనుకున్న. తెల్లారి నీ మెసేజ్ నా టేబుల్ మీదికొచ్చింది. రెండూ ఒక్కటై వీసా క్యాన్సిల్ చేసిన. నిన్న పోయిండు."

సత్యనారాయణ లోలోపల లెక్క వేసుకున్నాడు. ఒక్క ముక్క చెబితే దస్తగిరిని వెనక్కి పిలిపించవచ్చు. ఆ ఒక్క ముక్కతో తన ఉద్యోగం పోతుంది.

ఫరీదుద్దీన్ సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందుకి తోశాడు. తప్పు ఒప్పుకుంటూ తనకొచ్చిన భాషలో రాసిమ్మంటే దస్తగిరి రాసిచ్చింది.

"నాకు తెలుగు మాట్లాడొస్తది గానీ చదవరాదు. ఎవరితోనన్న చదివించాలె అంటే, సార్ వస్తడు గదా, ఆయనే చదువుతడు అన్నడు. ఏం రాసిండు?"

సత్యనారాయణ చదివాడు. మళ్ళీ చదివాడు.

"కాగితం తనే పోగొట్టానని రాశాడు సార్" అన్నాడు.

కాగితం మడిచి ఇచ్చేశాడు. కింద రాసిన రెండో వాక్యం అతను పైకి చదవలేదు: "ఆ దీవుల నడుమ తొమ్మిదేండ్లు గ్రీసోళ్ళ ఓడకి చుక్కాని పట్టినోణ్ణి నేను, ఆ గాలి ఎరిగుండీ మిమ్మల్ని ఆపలేకపోయినా గదా సార్, తప్పు నా మీదే ఉండనీండి."