నీళ్ల పళ్లెంలో రెండు సీసాలు

“గీత దాకనే పోసినారా? దాటితే కష్టం,” అంది గోవిందమ్మ.

“గీత దాకనేలే. నీది చూసుకో ముందు,” అన్నాడు జనార్దనం.

“నాదెప్పుడో కలిపేసినాను. తాగండి మీరు.”

“నువ్వు తాగినాకే నేను.”

అన్నం తిన్న కంచాలింకా తీయలేదు. వాషర్‌మెన్‌పేట్‌లోని ఆ ఇరుకు వంటింట్లో ముసలి దంపతులిద్దరూ చెరో స్టీలు గ్లాసు పట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు. గోవిందమ్మ కళ్లు మూసుకుని గటగటా తాగేసింది. ఉప్పూ పులుపూ కలిసిన ఆ రుచికి మొహం ముడుచుకుపోయింది. జనార్దనం కూడా తాగాడు. ఆమెకంటే ఘోరంగా మొహం పెట్టాడు.

“పాపం, మీది నా మందుకన్నా చేదేమో.”

“అడగొద్దు,” అన్నాడు జనార్దనం.

కిడ్నీలో రాయి ముందు బయటపడింది గోవిందమ్మకే. డాక్టర్ ఇందుమతి సిరప్ రాసిస్తే ఆమె ఆ చీటీని వెనక్కి తోసేసింది.

“వద్దు తల్లీ. మా అమ్మ, మా అక్క మందుసీసా చేతబట్టుకునే ఇల్లు దాటినారు. ఇద్దరూ తిరిగి రాలేదు.”

“ఇది అట్లాంటిది కాదమ్మా. మీది మందుకు కరిగే రాయి. వదిలేస్తే ఆపరేషన్ దాకా పోతుంది.”

“పోనీలే. ఎట్లాగూ ఒకనాటికి పోయేదాన్నే.”

డాక్టరు చెప్పింది, జనార్దనం బతిమాలాడు. ఆమె వినలేదు. తర్వాతి వారం జనార్దనం ఒక్కడే ఆస్పత్రికి వెళ్లి, నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చాడు. సంచిలోంచి రెండు సీసాలు తీశాడు.

“నాకూ ఉందంట. నీదానికంటే పెద్దది. నువ్వు తాగితే నేనూ తాగుతా. లేదంటే ఇద్దరం కలిసే పోదాం.”

ఆయన పాలపొట్లానికి వెళ్లినా సందు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూసే మనిషి గోవిందమ్మ. ఆ పూటే తన సీసా మూత తీసింది.

అప్పటినుంచీ డాక్టరు మాటలన్నీ ఆమెకు కంఠతా. పరగడుపున తాగకూడదు. అన్నం తిన్నాక, గ్లాసెడు నీళ్లలో కలిపే తాగాలి. ఒక పూట మరిచిపోతే రెండో పూట రెట్టింపు పోసుకోకూడదు. రోజంతా నీళ్లు తాగుతూ ఉండాలి, ఉప్పు తగ్గించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకరి మందు ఇంకొకరు తాగకూడదు. ఈ చివరి మాట మీద జనార్దనానికి ఎక్కడలేని పట్టింపు. సీసాల మీద పేర్లు అంటించాడు. తన సీసాను ఆమెను తాకనిచ్చేవాడు కాదు. ఎప్పుడూ లేనిది, తన గ్లాసు తానే కడుక్కునేవాడు.

“ఇంత బుద్ధి పెళ్లైన కొత్తలో ఉండుంటేనా,” అనేది గోవిందమ్మ.

అయినా ఆమెకు దిగులు తగ్గలేదు. ఎండాకాలం వచ్చిందంటే మూలమీది కన్నియప్పన్ కొట్లో సుగంధి వేళ్లతో చేసే తియ్యటి నన్నారి సర్బత్ తాగందే ఇంటికి రాని మనిషి, ఈసారి ఆ పక్కకే పోవడం లేదు. నోటికి రుచి కూడా చచ్చిపోయినట్టుంది అనుకుంది.

ఇంతలో చీమలు వచ్చాయి. ఒక పొద్దున ఆయన సీసా చుట్టూ బారులు తీరాయి. పక్కనే ఉన్న ఆమె సీసా మీద ఒక్కటీ లేదు. గోవిందమ్మ పళ్లెంలో నీళ్లు పోసి తెచ్చింది.

“జరుగు, నేను పెడతా,” అంటూ జనార్దనం రెండు సీసాలనూ పళ్లెంలో పెట్టాడు.

“మూత నాకేది మీరే కదా. మీ ఎంగిలికే చీమలొస్తా ఉండాయి,” అంది ఆమె. “చక్కెర జబ్బు.”

“చీమలేమన్నా డాక్టర్లా?”

“మామకు చక్కెరుందని బాత్రూంలో మొదట కనిపెట్టింది చీమలే. మరిచిపోయినారా? డాక్టరమ్మకు చెప్పాల్సిందే.”

“వద్దే,” అన్నాడు జనార్దనం. ఆయన మొహం నిజంగానే పాలిపోయింది.

జబ్బుకు భయపడుతున్నాడనుకుని గోవిందమ్మ పూజగదిలోకి వెళ్లి ఏడ్చింది. తర్వాత ఆయనకు ఇంకో గ్లాసు నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన తాగనన్నాడు. తనే ముందు తాగి చూపించింది. అప్పుడు తాగాడు.

మళ్లీ పరీక్షల రోజు వచ్చింది. డాక్టర్ ఇందుమతి స్కాన్ చూసి నవ్వింది.

“అమ్మా, మీ రాయి కరిగిపోయింది. అట్లాగని మందు మీ అంతట మీరు మానకండి. మళ్లీ రాకుండా ఇంకా కొన్నాళ్లు వాడాలి. నేను చెప్పినప్పుడల్లా రక్తం పరీక్షకు రండి.”

“నా సంగతి వదిలెయ్ తల్లీ. ఆయనది?”

డాక్టరు జనార్దనం వైపు చూసింది. జనార్దనం ఫ్యాను వైపు చూశాడు.

“ఆయన కిడ్నీలో ఏమీ లేదు,” అంది డాక్టరు.

గోవిందమ్మ రెండు చేతులూ జోడించింది. కళ్లు తుడుచుకుని, “మరి చీమలు?” అంటూ కథంతా చెప్పింది. డాక్టరు పెదవి కొరుక్కుంటూ ఆయన రక్తపరీక్ష కాగితం తిప్పింది.

“చక్కెర కొంచెం పెరిగింది.”

“చెప్పినానా? చీమలు అబద్ధం చెప్పవు.”

“జనార్దనం గారూ, మీ సీసా ఈ రోజే ఆపేయండి. ఇంట్లో కూడా ఉంచొద్దు.”

“అంటే నేనొక్కదాన్నే తాగాలా ఇంక?” అంది గోవిందమ్మ, గొంతు తగ్గించి.

“నీతో పాటు నేనూ గ్లాసెడు మంచినీళ్లు తాగతాలే,” అన్నాడు జనార్దనం. “ఒంటరిగా యాడికీ పంపను.”

ఇంటికి రాగానే గోవిందమ్మ నేరుగా వంటింట్లోకి నడిచింది.

“ఉండు, నేను పారబోస్తా,” అంటూ జనార్దనం చెప్పులతోనే వెంటపడ్డాడు.

“ముట్టుకోవద్దండి. డాక్టరమ్మ చెప్పింది వినలేదా?”

పళ్లెంలోంచి ఆయన సీసా తీసి, మూత తిప్పి, తొట్టిలోకి వంచింది.

వంటిల్లంతా కన్నియప్పన్ నన్నారి సర్బత్ వాసన.