ఉడికించని చెక్క

చెక్కపొడిని ఆవిరిలో ఉడికించి పెడితేగాని నా బ్యాక్టీరియా ముట్టదు. తిన్నదంటే మాత్రం బుడబుడమంటూ స్పిరిట్‌లాంటి ఇంధనంగా మార్చి ఇస్తుంది. దాన్ని కన్నబిడ్డలా సాకాను.

ఆ రాత్రి ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను. బ్యాక్టీరియాను పెంచే ట్యాంకులో ఆ చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి నేను కూర్చున్న చెక్కస్టూలు లోపల సన్నగా బుడబుడమంది. నొక్కి చూస్తే వేలు దిగబడింది, స్పిరిట్ వాసన గుప్పుమంది.

ఉడికించకుండానే తినేసింది. ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. నా గుండె ఉప్పొంగింది.

ఈ సంగతి చెబుదామని మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన వినిపించుకోలేదు.

"పొద్దున నువ్వు వేసి వెళ్లిన తలుపు ఇలా మెత్తబడిందేంటి? గొళ్లెం ఊడి చేతికొచ్చింది."

"అంటే నా చేతుల మీదుగా ఇంటిదాకా వచ్చిందన్నమాట," అన్నాను గర్వంగా.

"ఏం వచ్చింది? ఇంతకీ పాప మంచంలో ఈ బుడబుడ ఏంటి?"