మారని అంకె

"రొయ్యలు పైకి తేలుతున్నాయమ్మా! నీ మిషను నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు తిప్పదేం?" చెరువుగట్టు మీంచి అరిచాడు కృపారావు బాబాయి.

షెడ్డులో సుస్మిత తను చేసిన మిషను తెర చూసింది. "నీళ్లలో ఆక్సిజన్ ఐదుంది బాబాయ్! సరిపోతుంది."

"ఆ మాట రొయ్యలకి చెప్పవే!"

ఐదు. పొద్దున్నుంచీ ఐదే. ఇసుమంతైనా కదల్లేదు.

సుస్మిత చివాల్న లేచింది. చెరువులో ఆక్సిజన్ కొలిచే బోర్డునుంచి షెడ్డులోని బోర్డుకొచ్చే వైరు లాగి చూసింది. ఎలక కొరికిన కొస చేతికొచ్చింది.

ఏరేటర్ల స్విచ్చులన్నీ తనే వేసేసింది. నీళ్లు నురగలు కక్కాయి.

వగరుస్తూ వచ్చాడు బాబాయి. "వైరు తెగితే, మరి ఐదని చెప్పిందెవరు?"

"చెరువునుంచి కబురు రాకపోతే పాత అంకే చూపించమని ప్రోగ్రాంలో నేనే రాశానండీ. తెర ఖాళీగా ఉంటే మీరు కంగారుపడతారని."

చాలాసేపటికి రొయ్యలు కిందికి దిగాయి. అప్పుడన్నాడు బాబాయి.

"ఈసారి నన్ను కంగారుపడనీ తల్లీ."