అడగొద్దన్న పేరు

"కమిటీ వద్దంది, డోరీన్," అన్నాడు రస్, కుర్చీలో కూర్చోకముందే.

రస్ ఆ యూనివర్సిటీలో వృక్షశాస్త్రం శాఖకి పెద్ద. డోరీన్ కాంగస్ అతని కింద ఆరేళ్ళుగా పాఠాలు చెబుతోంది. సెలవులొస్తే ఉత్తర మిన్నెసోటా చిత్తడి నేలల్లో మోకాటి లోతు బురదలో నిలబడి నాచు మీద పరిశోధన చేస్తుంది. ఉద్యోగం పర్మనెంట్ చేస్తారో, సామాను సర్దుకోమంటారో ఇవాళ తేలాలి. తేలిపోయింది.

"ఎందుకొద్దన్నారు?"

"నీ పేపర్లని మిగతావాళ్ళు తమ పేపర్లలో ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్క తీశారు. నూట పన్నెండు సైటేషన్లు. నీతోపాటు చేరిన ఆ క్యాన్సర్ కణాల కుర్రాడికి మూడు వేలు దాటాయి."

"నా నాచుకీ క్యాన్సర్‌కీ పోటీ పెడతారా? ప్రపంచంలో నాచు మీద పనిచేసేవాళ్ళందరినీ పిలిచి భోజనం పెడితే ఇక్కడివాళ్ళు వండే హాట్‌డిష్ కూర ఒక్క గిన్నెడు చాలు, ఇంకా మిగులుతుంది. అంతమందిలో నూట పన్నెండంటే ఎంతో మీకేం తెలుసు?"

"నాకు తెలుసు. కమిటీకి తెలియదు. అది బయటివాళ్ళెవరో చెప్పాలి. మేం అభిప్రాయం అడిగినవాళ్ళలో ఒకాయన చేపల మీద పనిచేసేవాడు, ఒకావిడ గడ్డి మీద. నీ గురించి అందరూ మర్యాదగానే రాశారు."

మర్యాదగా రాయడమంటే మెచ్చుకోలేదనే అర్థమని అక్కడ పుట్టి పెరిగిన డోరీన్‌కి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఇంకో మాట కూడా వచ్చింది," అన్నాడు రస్ ఇబ్బందిగా. "ఐదేళ్ళుగా ప్రతి పేపరు మీదా నీ ఒక్కదాని పేరే ఉంది. ఎవరితోనూ కలవదు, ఒంటిపిల్లి రాకాసి అన్నాడొకాయన. మాట నాది కాదు సుమా."

"కలవనిది నేనా? లాయిడ్ నన్ను నట్టేట ముంచి పోతే అది కూడా నా ఖాతాలోనే రాశారా?"

లాయిడ్ పెట్రిషిన్ ఉండేది కెనడాలోని విన్నిపెగ్‌లో. నాచు విషయంలో ఆయన మాటకి ఎదురులేదు. మొదట్లో డోరీన్ ఆయనతో కలిసే రాసేది. ఆమె ఇక్కడ చేరిన కొత్తలో, ఇద్దరూ మొదలుపెట్టిన ఒక పేపరు సగంలో ఉండగా, 'నా పేరు తీసెయ్, ఇకమీదట నీ పని నువ్వు చూసుకో' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. ఎందుకని అడిగితే జవాబు లేదు. తన పని పక్కన పేరు పెట్టుకోవడానికి ఆయన నామోషీ పడ్డాడని డోరీన్‌కి అర్థమైంది. ఆ కడుపుమంట ఈనాటికీ చల్లారలేదు.

రస్ గొంతు తగ్గించాడు. "మాకు కావలసింది లాయిడ్ ఉత్తరమే. నాచులో నూట పన్నెండంటే కొండంత అని ఆయన అని ఉంటే కమిటీ నోరు మూసుకునేది. కానీ నీ మీద కక్ష ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పు, వాళ్ళని అడగం అన్నాం. నువ్వు చెప్పింది ఒక్క పేరే. అది దాటి పోవడానికి మాకు వీల్లేదు."

"ఆయన్ని అడిగుంటే నన్ను నిలువునా పాతేసేవాడు."

"ఏమో మరి," అన్నాడు రస్. "వచ్చే ఏడు మే నెల దాకా నీ జీతానికి ఢోకా లేదు. ఆ తరవాత..."

కిటికీలోంచి మంచు వంక చూశాడు.

డోరీన్ తన గదికి వచ్చి కోటు విప్పకుండానే కూలబడింది. ఇక్కడ పోతే ఈ వయసులో, ఈ నాచుకి, ఇంకెవరూ ఉద్యోగం ఇవ్వరు. బురదలో తను పాతిన గుర్తు కర్రల్ని కూడా ఎవరో పీకేస్తారు. ఆమెకి ఏడుపొచ్చింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఐదేళ్ళ తరవాత ఆ ఫోన్ మీద లాయిడ్ పేరు! ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

"అమ్మాయ్, నేను లాయిడ్‌ని. మీవాళ్ళకి అసలు బుద్ధుందా?"

"ఏమైంది?" అంది పొడిగా.

"పోయిన వేసవి నుంచీ కాచుక్కూర్చున్నాను, నీ గురించి నా అభిప్రాయం అడుగుతారని. ఒక్కడూ అడగడే! రోజుకి పదిసార్లు మెయిల్ చూస్తుంటే, ముసలాడికి ఎవరిమీదో మనసైనట్టుందని మా ఆవిడ ఒకటే నవ్వు. ఇంకా గడువుందా? నేను ముందే రాసి పెట్టుకున్నాను. ఇలాంటి పని మా తరంలో ఎవ్వరూ చెయ్యలేదని రాశాను. నేను కూడా చెయ్యలేదని రాశాను."

డోరీన్ ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుంది.

"మీరు... నాతో పనిచెయ్యనన్నారు కదా," అంది. "నా పేపరు మీద మీ పేరే ఉండొద్దన్నారు. నేనంటే మీకు లెక్కలేదనుకున్నాను."

"ఓసి పిచ్చిదానా! ముందే చెబితే ఇద్దరూ కుమ్మక్కయ్యారంటారని నోరు కట్టుకుని కూర్చున్నాను," అన్నాడు లాయిడ్. "నీతో కలిసి రాసినవాడు ఐదేళ్ళు గడిచేదాకా నీ తరఫున ఉత్తరం రాయడానికి పనికిరాడు కదమ్మా... అందుకే ఆ రోజు నా పేరు తీసెయ్యమన్నాను!"