మూడో రూలు

"ఒరే, ఆ మిషను మనిషి లోపలున్నది కూడా చదివేస్తుందంటరా?"

బస్సు చల్లపల్లి దాటిందో లేదో, అమలమ్మ ఈ మాట అడగడం అది నాలుగోసారి. ఆమె భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. మబ్బు పడితే ఉప్పెనంటుంది. పోస్టుమాన్ కనబడితే చావు కబురంటుంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఏ కొత్త మనిషి వాకిట్లో నిలబడినా, పిల్లల్ని ఎత్తుకుపోతాడేమోనని ఇద్దర్నీ లోపలికి లాక్కుని గడియ పెట్టేది. అలాంటిది ఇవాళ బెజవాడ ఆఫీసు నుంచి పిలుపే వచ్చింది. ఉద్యోగానికి పరీక్ష రాసిన ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని తల్లి స్వయంగా రావాలట.

"మిషను కార్డులు చదువుతుందమ్మా, మనుషుల్ని కాదు," అన్నాడు జోజి.

"మరి నన్నెందుకు రమ్మన్నారు? పరీక్షలో కాపీ కొట్టారనుకున్నారేమో. జైల్లో పెడతారేమో!"

"పెడితే ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టమను. కవలలం గదా, విడిగా ఉండలేం," అన్నాడు శౌరి.

"నోరు మూసుకోరా, తథాస్తు దేవతలుంటారు," అని కసిరి, క్రైస్తవుల ఇంట ఈ మాటేమిటని తనే నాలిక్కరుచుకుని సిలువ గుర్తు వేసుకుంది.

పామర్రు దగ్గర సమాధుల దొడ్డి వచ్చింది. ఆమె చెల్లెలు తెరేసమ్మ అక్కడే ఉంది. పెళ్ళయిన ఏడాదికే పురిట్లో పోయింది. ఆ చోటు దాటేటప్పుడు అమలమ్మ ఎప్పుడూ చేసినట్టే కళ్ళు మూసుకుని, పక్కనున్న శౌరి తల నిమిరింది.

"జుట్టు చెరపకే, ఆఫీసుకెళ్తున్నాం," అన్నాడు శౌరి.

ఆఫీసులో గుమ్మం బయటే ఆమె చెప్పులు విడిచింది. లోపల ఎండాకాలమని తెలియనంత చల్లగా ఉంది. రెండు బీరువాలంత మిషను, ఎక్కడా మనిషి చెయ్యి తగలకుండానే రొద చేస్తోంది. రామతులసి అనే అమ్మాయి కార్డుల కట్ట పెట్టి మీట నొక్కగానే కార్డులన్నీ పేకముక్కల్లా చరచరా లోపలికి పోయాయి. కాసేపటికి అవతలి పక్క నుంచి కాయితం, పేర్లు వేసుకుంటూ బయటికొచ్చింది.

"మరియమ్మ తల్లీ!" అంది అమలమ్మ, దణ్ణం పెడుతూ.

ఆఫీసరు వెంకటకృష్ణారావుగారు కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"భయపడకండమ్మా. మీవాళ్ళు తప్పేం చెయ్యలేదు. ఒక్కొక్క కార్డులో రెండు సంగతులుంటాయి, మార్కులూ పుట్టిన తేదీ. రెండేసి కార్డుల్ని పోల్చి చూడమని మిషనుకి రూలు పెట్టాం. మార్కులు ఎక్కువున్నవాళ్ళు ముందు. అవి సమానమైతే వయసులో పెద్దవాళ్ళు ముందు. జిల్లా మొత్తాన్నీ టీ తాగి వచ్చేలోపు వరస పెట్టేసింది. మీవాళ్ళిద్దరి దగ్గరికొచ్చేసరికి తికమక పడింది."

"చెడిపోయిందాండీ?" ఆమె ఓ అడుగు వెనక్కి వేసింది.

"చెడిపోలేదు. మీవాళ్ళవి మార్కులూ సమానమే, తేదీ కూడా ఒకటే. శౌరి కార్డు ముందు పెడితే శౌరి ముందొస్తున్నాడు. జోజి కార్డు ముందు పెడితే జోజి వస్తున్నాడు. అంటే పాపం దానికీ తెలీదన్నమాట. మా దగ్గర మిగిలింది ఒక్కటే ఉద్యోగం."

"రెండోవాడికి ఆటోనగర్లో గ్రీజు ఉద్యోగం ఉండనే ఉందిగా సార్," అన్నాడు జోజి. నవ్వుతూనే చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

"అందుకే మూడో రూలు పెడుతున్నాం. ఇద్దరిలో ఎవరు ముందు పుట్టారో కన్నతల్లికి తెలియాలి. అదే మీరు చెప్పాలి."

"మా బుల్లెమ్మత్త కవలల్లో వెనక పుట్టినవాడే పెద్దోడంటుంది సార్," అన్నాడు శౌరి.

"మీ అత్త రూలు మిషనుకి తెలీదోయ్. దానికి ముందు పుట్టినవాడే పెద్ద."

అమలమ్మ ఊళ్ళో ఎవరడిగినా ఇరవై ఏళ్ళుగా ఒకటే చెప్పింది, ఇద్దరూ సమానమే అని. ఒకే గుడ్డ చింపి ఇద్దరికీ చొక్కాలు కుట్టించింది. ఉన్న ఒక్క గుడ్డునూ దారంతో సగానికి కోసి పెట్టింది. ఇప్పుడొకణ్ణి ముందుకి జరపమంటున్నారు.

మెల్లగా రామతులసి దగ్గరికి జరిగింది.

"పాపా, తప్పు చెబితే దీనికి తెలిసిపోతుందా?"

"దీని దగ్గర ఏదీ దాగదు పిన్నిగారూ," అంది రామతులసి గర్వంగా, మిషను మీద చెయ్యేసి. "ఇన్ని వందల మందిలో మీవాళ్ళిద్దర్నీ ఎలా పట్టేసిందో చూశారుగా."

అమలమ్మ మిషను వంక చూసింది. ఎర్రటి దీపం ఆరుతూ వెలుగుతోంది. చర్చిలో దివ్యసత్ప్రసాదం పెట్టె దగ్గర ఎప్పుడూ వెలిగే ఎర్ర దీపం గుర్తొచ్చి ఆమె చెంగు తల మీదికి లాక్కుంది.

"అమ్మా, వాడి పేరే చెప్పు," అన్నాడు శౌరి గొణుగుతున్నట్టు.

"నీ పేరెందుకు చెప్పకూడదురా?" అన్నాడు జోజి.

"మీరుండండయ్యా, ఆమెని చెప్పనివ్వండి," అని ఆఫీసరుగారు పెన్ను మూత తీశారు. "అమ్మా, ఎవరు ముందు? ఏ గంటకి?"

రామతులసి మీట నొక్కింది. మిషను రొద ఆగిపోయింది. అందరూ అమలమ్మ వంకే చూస్తున్నారు. ఆమె జోజిని చూసింది. శౌరిని చాలాసేపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆఫీసరుగారు పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నారు. చివరికి ఆమె ఆయన వైపు కాకుండా మిషను వైపు తిరిగి, చేతులు జోడించింది.

"నేను జోజిని కన్ననాటికి, శౌరికి నెల నిండిందండీ."